రాణీ రాష్మోణి: విశాఖలో పుట్టిన గస్తీ నౌక కథ

మన బడి ఆవరణలో నిలబడితే సముద్రం కనిపించదు. మధుకేశ్వరుడి ఆలయ శిఖరం కనిపిస్తుంది, అవతల వంశధార ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. అయినా మన ఊరి చరిత్రలో సముద్రానికి పెద్ద వాటాయే ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని శాసనాలు చదివి చెప్పినవారిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు. ఆయన పుట్టిన పర్వతాలపేట మనకు కూతవేటు దూరం. ఆ రాజధాని ముంగిట పారే ఏరు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి దీపస్తంభం ఒకప్పటి ఓడరేవుకు గుర్తుగా నేటికీ నిలిచి ఉంది.

గుడి గురించి, శాసనాల గురించి, మన గురువుల గురించి ఈ స్వర్ణోత్సవ సంచికలో నాకన్నా బాగా రాయగలిగిన మిత్రులు చాలామంది ఉన్నారు. నేను మెకానికల్ ఇంజనీరుని. డీజిల్ ఇంజన్ల బాగోగులు చూడటంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. అందుకని నాకు తెలిసిన దారిలో వెళ్లి, విశాఖపట్నంలో మనవాళ్ల చేతుల మీద తయారై, ఈ తీరంలోనే కాపలా కాసిన ఒక చిన్న ఓడ చరిత్ర రాస్తున్నాను. దాని పేరు ఐసీజీఎస్ రాణీ రాష్మోణి. భారత తీరరక్షక దళానికి, అంటే కోస్ట్ గార్డుకు చెందిన గస్తీ నౌక. అది యుద్ధాలు చేయలేదు, చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కలేదు. అలాంటి ఓడ సేవను దేనితో కొలవాలన్నదే ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న.

కోస్ట్ గార్డు ఎందుకు వచ్చింది

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత దాదాపు ముప్పై ఏళ్లపాటు మన దేశానికి విడిగా తీరరక్షక దళం లేదు. దొంగ బంగారం, దొంగ సరుకు సముద్రం మీదుగా దిగుమతి అవుతుంటే పట్టుకోవడానికి కస్టమ్స్ వారి దగ్గర తగిన పడవలు లేవు. నౌకాదళం దగ్గర ఓడలున్నాయి కానీ అవి యుద్ధానికి కట్టినవి. ఒక దొంగ పడవ వెంట యుద్ధనౌకను పరుగెత్తించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

1970లలో మరో రెండు కారణాలు తోడయ్యాయి. 1974లో బొంబాయి హైలో చమురు దొరికింది. 1976లో చేసిన చట్టంతో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు సముద్ర సంపద మీద మనకు ప్రత్యేక హక్కు ఏర్పడింది. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. అంటే సుమారు 370 కిలోమీటర్ల వెడల్పున నీటి పొలం మన పేరున రాసినట్టయింది. పొలం రాసిచ్చాక కావలివాడు ఉండాలి కదా. కె.ఎఫ్. రుస్తంజీ నాయకత్వాన వేసిన కమిటీ ప్రత్యేక దళం కావాలని సిఫారసు చేసింది. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా ఆ దళం మొదలైంది. నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు, కుఠార్, కిర్పాణ్, వాటితోపాటు ఐదు చిన్న గస్తీ పడవలు. అంతే ఆస్తి. 1978లో పార్లమెంటు చట్టం చేశాక ఆగస్టు 19న ప్రధాని మొరార్జీ దేశాయ్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ‘వయం రక్షామః’ అన్నది దాని నినాదం. మేము రక్షిస్తాం అని అర్థం.

2008 నవంబరు 26న ముంబయి మీద దాడికి వచ్చినవాళ్లు ‘కుబేర్’ అనే చేపల పడవను ఎత్తుకొచ్చి, దానిలోనే తీరానికి చేరువయ్యారు. ఆ తర్వాత తీరానికి దగ్గరి నీళ్ల కాపలా బాధ్యత కూడా కోస్ట్ గార్డు మీద పడింది. ఒడ్డు పక్కన మెరైన్ పోలీసులు, వారికి అవతల కోస్ట్ గార్డు, ఇంకా లోపల నౌకాదళం. మన కళింగపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉన్నది ఈ ఏర్పాటులో భాగంగానే. ఇలా దగ్గరి నీళ్లలో గస్తీ తిరగాలంటే పెద్ద ఓడలు పనికిరావు. చిన్నవి, వేగంగా పోయేవి, లోతు తక్కువ ఉన్నచోట కూడా నడవగలిగేవి కావాలి. రాణీ రాష్మోణి అలాంటిది.

సింధియాలో ఐదుగురు రాణులు

విశాఖలో ఉన్నవాళ్లకు ‘సింధియా’ అంటే ఒక బస్‌స్టాపు. ఆ పేరు ఎలా వచ్చిందో మన పిల్లలకు తెలియదు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్‌కు చెందిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అక్కడ ఓడల కర్మాగారానికి పునాది వేయించింది. పునాదిరాయి వేసింది బాబూ రాజేంద్రప్రసాద్. 1948 మార్చి 14న అక్కడ కట్టిన ‘జల ఉష’ను నెహ్రూ నీళ్లలోకి దించారు. స్వతంత్ర భారతంలో అలా నీళ్లు తాకిన తొలి పెద్ద ఓడ అదే. 1952లో కంపెనీ హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది. 2010లో రక్షణశాఖ కిందికి వెళ్లింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా ఎన్ని కుటుంబాలు ఆ గేటులోంచి వెళ్లి బతికాయో ఈ సంచిక చదివేవారిలో చాలామందికి ఇంటి సంగతే.

కోస్ట్ గార్డు కోసం ఆ షిప్‌యార్డు ఒకే నమూనాలో ఐదు గస్తీ నౌకలు కట్టింది. ఐదింటికీ వీరనారుల పేర్లు పెట్టారు. పోర్చుగీసువారిని ఎదిరించిన ఉళ్లాల రాణి అబ్బక్క, 1857 తిరుగుబాటు కాలపు అవంతీబాయి, మొగలుల సైన్యంతో పోరాడిన గోండ్వానా రాణి దుర్గావతి, నాగా కొండల గైడిన్‌ల్యూ, అయిదవది కలకత్తా రాణి రాష్మోణి. మొదటి నౌక రాణీ అబ్బక్క 2012 జనవరిలో విధుల్లో చేరింది. చివరిదైన రాణీ రాష్మోణి చేరింది 2018 జూన్‌లో. తొలి బిడ్డకు, కడగొట్టు బిడ్డకు మధ్య ఆరేళ్లకు పైగా ఎడం. తీరం మాత్రం అన్నేళ్లూ అక్కడే ఉంది, వేటా ఆగలేదు. ఓడ కట్టడంలో ఆలస్యాన్ని మనం డబ్బు లెక్కల్లో చూస్తాం. కావలివాడు లేని రాత్రుల లెక్కలో కూడా చూడాలని నా ఉద్దేశం.

ఆఖరి ఓడకు పెట్టిన పేరు గురించి ఒక మాట. రామకృష్ణ పరమహంస చరిత్ర చదివినవారికి ఆవిడ రాణీ రాసమణిగా తెలుసు. దక్షిణేశ్వరంలో కాళికాలయం కట్టించిన పుణ్యాత్మురాలు. 1793లో పుట్టి 1861లో కన్నుమూశారు. ఆవిడ గురించి బెంగాల్‌లో చెప్పుకునే మరో కథ ఉంది. హుగ్లీ నదిలో చేపలు పట్టే జాలర్ల మీద కంపెనీ ప్రభుత్వం పన్ను వేసిందట. రాణి పదివేల రూపాయలు కట్టి నదిలో కొంతమేర తానే గుత్తకు తీసుకుని, అడ్డంగా ఇనుప గొలుసులు కట్టించిందట. కంపెనీ ఓడలు ఆగిపోయాయి. ఇదేమిటని అడిగితే, ఓడలు తిరుగుతుంటే నా గుత్త నీళ్లలో చేపలు బెదిరిపోతున్నాయి అందట. చివరికి పన్ను రద్దయింది. జాలర్ల పక్షాన నిలబడిన మనిషి పేరు, జాలర్ల సముద్రంలో తిరిగే ఓడకు పెట్టారు. కావాలని పెట్టారో లేదో గానీ, పేరు మాత్రం తగినదే.

ఇంజనీరు కళ్లతో

రాణీ రాష్మోణి పొడవు 51 మీటర్లు. అంటే మన రెండు బోగీల రైలంత. తెల్లని ఒళ్లు, దాని మీద కోస్ట్ గార్డు ఓడలన్నిటికీ ఉండే ఏటవాలు చారలు. ముందు భాగంలో 30 మిల్లీమీటర్ల తుపాకి. లోపల ఎంటీయూ 4000 శ్రేణి డీజిల్ ఇంజన్లు మూడు. గరిష్ఠ వేగం 34 నాట్స్, అంటే గంటకు 63 కిలోమీటర్లు. రోడ్డు మీద అది బస్సు వేగమే. అలల మీద అంత వేగమంటే ఒళ్లు హూనమైపోతుంది.

ఈ ఓడకు బయటికి కనిపించే ప్రొపెల్లర్ లేదు. ఇంజన్లు వాటర్‌జెట్లను తిప్పుతాయి. అడుగున ఉన్న రంధ్రం గుండా నీళ్లు లోపలికి పీల్చి, వెనుక నుంచి బలంగా చిమ్ముతాయి. ఆ తోపుకే ఓడ ముందుకు పోతుంది. చిమ్మే దిక్కు మారిస్తే ఓడ తిరుగుతుంది. అందుకని దీనికి విడిగా చుక్కాని అక్కర్లేదు. మన తీరంలో దీనివల్ల రెండు లాభాలున్నాయి. ఒకటి, లోతు తక్కువ ఉన్నచోటికి కూడా పోవచ్చు. ఏటి ముఖాల దగ్గర ఇసుక మేటలు ఏడాదికోచోటికి మారుతాయని వంశధార గట్టున పెరిగిన మనకు ఒకరు చెప్పాలా? రెండోది, నీళ్లలో పడిన మనిషి పక్కకు ఓడ వెళ్లాల్సి వచ్చినప్పుడు కింద తిరిగే రెక్కలు బయటికి ఉండవు. జాలర్ల వలలు రెక్కలకు చుట్టుకుని తెగిపోయే బాధ కూడా తగ్గుతుంది. లోపం లేదా అంటే ఉంది. తేలే చెత్త, ప్లాస్టిక్, తాళ్ల ముక్కలు పీల్చుకుంటే జెట్ పని పాడవుతుంది. మనం ఏట్లో పారేసే సంచులు చివరికి ఎవరి గొంతుకు అడ్డం పడతాయో ఆలోచించండి.

34 నాట్స్ అన్నది ఎప్పుడూ పరుగెత్తే వేగం కాదు. ఓడల లెక్కలో ఒక స్థూల సూత్రం ఉంది. వేగం సగానికి తగ్గిస్తే కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే గస్తీ ఓడ మామూలు రోజుల్లో నిదానంగా తిరుగుతుంది. పరుగు అవసరమైన గంట కోసం నూనెనూ ఇంజన్లనూ దాచుకుంటుంది. ఇంజన్ గదిలో పనిచేసేవాళ్ల నైపుణ్యమంతా ఆ గంట వచ్చేసరికి మూడు ఇంజన్లూ మొదటి పిలుపుకే పలికేలా ఉంచడంలో ఉంటుంది. నా బోటివాళ్లకు తెలిసిన సత్యం ఇదే. బాగా చూసుకున్న యంత్రం గురించి చెప్పడానికి కబుర్లేమీ ఉండవు.

2019 ఆగస్టు 12

విధుల్లో చేరిన నాలుగో నెలలో, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానం కొబ్బరితోటలు ఏమయ్యాయో, తర్వాత వంశధార ఎలా పొంగిందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా కోస్ట్ గార్డు ఓడలూ డోర్నియర్ విమానాలూ సముద్రంలోకి వెళ్లి, వేటలో ఉన్న పడవలకు వైర్‌లెస్‌లోనూ మైకుల్లోనూ చెప్పి ఒడ్డుకు మళ్లిస్తాయి. అలా మళ్లిన పడవ పేరు పేపర్లో రాదు. ప్రమాదం జరగలేదు కాబట్టి వార్తా లేదు.

వార్త అయిన రోజు 2019 ఆగస్టు 12. విశాఖ తీరానికి ఎదురుగా సముద్రంలో ‘కోస్టల్ జాగ్వార్’ అనే సహాయక నౌకలో ఉదయం మంటలు లేచాయి. అందులో 29 మంది ఉన్నారు. పొగ కమ్మేసింది. మంటల నుంచి తప్పించుకోవడానికి నీళ్లలోకి దూకారు. రాణీ రాష్మోణి అప్పటికే సముద్రంలో ఆ చుట్టుపక్కల ఉంది. కబురు అందగానే అటు మళ్లింది. నీళ్లలో ఉన్నవారిలో 28 మందిని బయటికి తీశారు. కాలిన గాయాలైనవారిని ఒడ్డుకు చేర్చి ఆసుపత్రికి పంపారు. ఒకరు కనిపించలేదు. ఆయన కోసం ఓడలతో, హెలికాప్టర్‌తో గాలించారు.

ఈ ఓడ సేవా చరిత్రలో నలుగురూ గుర్తుపెట్టుకునే పుట ఇదే. అయితే ఆ పుటలో నా కంటికి ఆనిన మాట ‘28’ కాదు. ‘అప్పటికే చుట్టుపక్కల ఉంది’ అన్న మాట. అదెందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. మా లెక్కల మాస్టారు చూస్తే సంతోషిస్తారు.

ఒక లెక్క

విశాఖ రేవు నుంచి కళింగపట్నం ఎదుటి సముద్రానికి దూరం సుమారు 60 నాటికల్ మైళ్లు. పూర్తి వేగంతో వెళ్లినా గంటా ముప్పావు పడుతుంది. ఇచ్ఛాపురం తీరానికి సుమారు 120 మైళ్లు. మూడున్నర గంటలు. ఇది ఓడ కదిలిన తర్వాతి లెక్క. కట్టిన తాడు విప్పి రేవు దాటే సమయం దీనికి అదనం.

ఇప్పుడు పడవ తిరగబడి నీళ్లలో తేలుతున్న మనిషిని తలుచుకోండి. గాలి, ప్రవాహం కలిసి అతన్ని గంటకు 2 నాటికల్ మైళ్ల చొప్పున తోస్తున్నాయి, ఏ దిక్కుకో తెలియదు అనుకుందాం. గంట తర్వాత అతను 2 మైళ్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఎక్కడైనా ఉండవచ్చు. దాని వైశాల్యం సుమారు 43 చదరపు కిలోమీటర్లు. రెండు గంటలకు వ్యాసార్ధం రెట్టింపవుతుంది, వైశాల్యం నాలుగింతలై 172 అవుతుంది. మూడున్నర గంటలకు 500 చదరపు కిలోమీటర్లు దాటిపోతుంది. అలల మధ్య కొబ్బరికాయంత తల కోసం అంత మేర వెతకాలి.

అంటే ఓడ ఎంత వేగంగా వస్తుందన్న దానికన్నా ఎంత దగ్గరలో ఉందన్నది ముఖ్యం. దగ్గరలో ఉండాలంటే ఏమీ జరగని రోజుల్లో కూడా తిరుగుతూనే ఉండాలి. నూనె ఖర్చు పెట్టి, ఇంజన్ గది వేడిలో కూర్చుని, వాంతులు చేసుకుంటూ, ఇంటి నుంచి వచ్చిన ఫోన్ ఎత్తలేక. పై నుంచి చూస్తే వృథా ఖర్చులా కనిపించే ఆ గస్తీ రోజులే 2019 ఆగస్టులో 28 మందికి ఊపిరయ్యాయి. గస్తీ నౌక సేవను దేనితో కొలవాలన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. ఏమీ జరగకుండా గడిచిన రోజులతో కొలవాలి.

మన పక్షాన చేయాల్సింది

శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 190 కిలోమీటర్లు. గార, సంతబొమ్మాళి, సోంపేట, కవిటి మండలాల మత్స్యకార పల్లెల్లో ఇప్పటికీ ఫైబర్ తెప్పల మీద ఇద్దరు ముగ్గురుగా వేటకు వెళ్లేవాళ్లు ఎందరో. ఇక్కడ బతుకు సాగక గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోయి, మరబోట్ల మీద కూలికి వేట చేసేవాళ్లు ఎందరో. 2018 నవంబరులో అలా వెళ్లిన మన ఉత్తరాంధ్ర జాలర్లను పాకిస్థాన్ వారు పట్టుకోవడం, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి రావడం మీకు గుర్తుండే ఉంటుంది. నేల మీద సరిహద్దుకు రాయి ఉంటుంది. నీళ్ల మీద ఏ గీతా కనిపించదు. దారి తప్పిన పడవకు ‘ఇక వెనక్కి పో’ అని చెప్పడం కూడా గస్తీ పనిలో భాగమే.

ఓడ ఎంత మంచిదైనా, పిలుపు అందకపోతే రాలేదు. కోస్ట్ గార్డు అత్యవసర ఫోన్ నంబరు 1554. ఇది ఉచితం. ఒడ్డుకు దూరమయ్యాక సెల్‌ఫోన్ పనిచేయదు కాబట్టి పడవలో వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్ ఉండాలి. ఆపదలో పిలవాల్సింది 16వ ఛానెల్‌లో. ఆపద సంకేతాన్ని ఉపగ్రహం ద్వారా పంపే చిన్న పరికరాలు కూడా ఉన్నాయి. ఒక్కసారి నొక్కితే పడవ ఎక్కడుందో తీరంలోని రక్షణ కేంద్రానికి తెలుస్తుంది. పైన చెప్పిన 500 చదరపు కిలోమీటర్ల వృత్తం ఒక్కసారిగా చుక్కంత అయిపోతుంది. లైఫ్‌జాకెట్ వేసుకున్న మనిషి ఆ చుక్క దగ్గరకు ఓడ చేరేదాకా తేలి ఉంటాడు. వేటలో అడ్డమని చాలామంది దాన్ని తెప్పలో మూలన పెడతారు. ఇంట్లోనే వదిలేసేవాళ్లూ ఉన్నారు.

మన పూర్వ విద్యార్థుల్లో తీర మండలాల బడుల్లో పంతుళ్లుగా పనిచేస్తున్నవారు ఉన్నారు. వారికి నాదొక విన్నపం. తరగతి గది గోడ మీద ఎక్కాల పట్టిక పక్కన 1554 అని పెద్దక్షరాలతో రాయించండి. పిల్లవాడు ఇంటికెళ్లి నాన్నకు చెబుతాడు. మనం చెబితే వినని తండేలు కూడా కన్నకొడుకు అడిగితే లైఫ్‌జాకెట్ తొడుక్కుంటాడు. మన సంఘం స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత తీసి, కళింగపట్నం వైపు ఒక్క పల్లెకైనా లైఫ్‌జాకెట్లు, ఒక వైర్‌లెస్ సెట్ కొనిస్తే బాగుంటుంది. వాటి వాడకం నేర్పే పని నేను చూసుకుంటాను. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలే నేర్పడానికి మంచి సమయం. సంఘం పెద్దలు ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాను.